ప్రోగ్రామింగ్ డౌట్ ఎలా అడగాలి: జవాబు వచ్చే ప్రశ్న రాయడానికి సమగ్ర మార్గదర్శి

"ఫోరమ్‌లో ప్రశ్న పెడితే ఎవరూ పట్టించుకోరు, పట్టించుకున్నవాళ్ళు కసురుకుంటారు. అసలు ఎలా అడగాలి?" కోడింగ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు పదే పదే అడిగే మాట ఇది. మర్యాదగా రాస్తే చాలని కొందరు అనుకుంటారు. "ప్లీజ్", "సార్", "దయచేసి" అన్నీ పెడతారు. జవాబు మాత్రం రాదు.

అవతలి మనిషి ముందు మీ స్క్రీన్ ఉండదు. మీ ఫైళ్ళు ఉండవు, మీరు పొద్దున్నుంచి ఏమేం మార్చారో తెలియదు. మీకు వచ్చిన తప్పు తన కంప్యూటర్‌లోనూ వచ్చేలా మీరు చెయ్యగలిగితే జవాబు దాదాపు వచ్చినట్టే. కింద చెప్పేవన్నీ అందుకోసమే. ఉదాహరణలు ఎక్కువగా పైథాన్‌వి ఇస్తున్నాను, పద్ధతి మాత్రం ఏ భాషకైనా అదే.

## 1. ముందు ఎర్రర్ మెసేజ్ చదవండి, పూర్తిగా

"ఎర్రర్ వస్తోంది" అని రాసేవాళ్ళలో చాలామంది ఆ ఎర్రర్‌ను చదివి ఉండరు. ఎర్ర అక్షరాలు కనబడగానే టెన్షన్ పడి విండో మూసేస్తారు. అందులో సాధారణంగా మూడు సంగతులుంటాయి: ఏ రకం తప్పు, ఏ ఫైల్‌లో, ఏ లైన్‌లో. ఎక్కణ్ణుంచి చదవాలన్నది భాషను బట్టి మారుతుంది.

- పైథాన్: కింది నుంచి పైకి చదవండి. చివరి లైన్‌లో తప్పు రకం, కారణం ఉంటాయి. దానిపైన వరుసగా కనిపించే ఫైళ్ళలో మీరు రాసిన ఫైల్ పేరు ఎక్కడుందో వెతకండి. లైబ్రరీ (వేరేవాళ్ళు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) లోపలి ఫైళ్ళను చూసి బెదిరిపోకండి, తప్పు చాలావరకు మీ ఫైల్‌లోనే ఉంటుంది.
- జావా: ఎక్సెప్షన్ పేరు పైన ఉంటుంది. కానీ కిందికి వెళ్తే "కాజ్డ్ బై" అనే లైన్లు కనిపించవచ్చు. అలాంటివి ఉంటే అన్నిటికంటే కింద ఉన్నదే సాధారణంగా అసలు కారణం.
- సీ, సీ ప్లస్ ప్లస్: మొట్టమొదటి ఎర్రర్ ఒక్కటే చూడండి. ఒక్క సెమికోలన్ మర్చిపోతే చాలు, కంపైలర్ పేజీడు ఎర్రర్లు కక్కుతుంది. మొదటిది సరిచేసి మళ్ళీ కంపైల్ చేస్తే మిగతావి చాలావరకు వాటంతటవే పోతాయి.
- బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్: పేజీ మీద ఏమీ కనిపించదు. ఎఫ్12 నొక్కి, కన్సోల్ అనే ట్యాబ్ తెరవండి. "ఎర్రర్ ఏమీ రావట్లేదు, బటన్ పనిచెయ్యట్లేదు" అనే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అక్కడే ఎర్రగా కూర్చుని ఉంటుంది.

లైన్ నంబర్ విషయంలో ఒక జాగ్రత్త. సింటాక్స్ ఎర్రర్ (భాష రాత నియమాల్లో తప్పు) చూపించిన లైన్‌లో ఏ తప్పూ కనిపించకపోతే, దాని పై లైన్ చూడండి. పైథాన్ 3.9 వరకు, బ్రాకెట్ మూయడం మర్చిపోతే తప్పును తర్వాతి లైన్‌లో చూపించేది. 3.10 నుంచి "ఈ బ్రాకెట్ మూయలేదు" అని ఆ బ్రాకెట్‌నే చూపిస్తోంది. కోడ్ అదే, వెర్షన్ మారితే మెసేజ్ మారిపోయింది. ప్రశ్నలో వెర్షన్ రాయమని అందరూ సతాయించేది ఇందుకే.

## 2. వెతకండి, మీ సొంత పేర్లు తీసేసి

ఎర్రర్ మెసేజ్‌ను యథాతథంగా సెర్చ్‌లో పేస్ట్ చేస్తే సరైన ఫలితాలు రాకపోవచ్చు. ఎందుకంటే అందులో మీ ఫోల్డర్ దారి, మీ వేరియబుల్ పేరు, మీ ఫైల్ పేరు ఉంటాయి. అవి ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండవు. వాటిని తీసేసి, మిగిలిన మాటలకు భాష పేరు, లైబ్రరీ పేరు కలిపి వెతకండి.

వెతికేటప్పుడే కింది నాలుగూ చూసుకోండి. వీటిలో ఏదో ఒకటి కారణమై, తర్వాత సిగ్గుపడి ప్రశ్న తీసేసుకున్నవాళ్ళు ఎందరో.

- ఫైల్ సేవ్ చేశారా? రన్ అవుతున్నది మీరు మార్చిన ఫైలేనా, పాత కాపీనా?
- మీ ఫైల్‌కు లైబ్రరీ పేరే పెట్టారా? పైథాన్‌లో "ర్యాండమ్" మాడ్యూల్ నేర్చుకుంటూ ఫైల్‌కు కూడా ర్యాండమ్ అనే పేరు పెడితే, ఇంపోర్ట్ అయ్యేది అసలు మాడ్యూల్ కాదు, మీ ఫైలే. తర్వాత వచ్చే ఎర్రర్ చదివితే తల తిరుగుతుంది.
- లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసినా "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అంటోందా? కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉండి, ఒకదానిలో ఇన్‌స్టాల్ చేసి ఇంకోదానితో రన్ చేస్తూ ఉండవచ్చు.
- కోడ్‌ను చాట్ నుంచో, వర్డ్ ఫైల్ నుంచో కాపీ చేశారా? కొటేషన్ గుర్తులు వంకర తిరిగినవైతే చాలా భాషలు ఒప్పుకోవు.

వెతికితే కనిపించిన జవాబు మీకు ఎందుకు సరిపోలేదో ఒక్క లైన్ రాసి పెట్టుకోండి. ప్రశ్నలో అది పనికొస్తుంది.

## 3. కోడ్‌ను కుదించండి

అసలు పని ఇక్కడ ఉంది. దీన్ని దాటేసి మిగతావన్నీ చేసినా ప్రశ్న సగం సగంగానే మిగులుతుంది.

మీ ప్రోగ్రామ్ 180 లైన్లుంటే 180 లైన్లూ పెట్టకూడదు. అలాగని అనుమానం ఉన్న ఒక్క లైన్ మాత్రమే పెట్టినా కుదరదు. ఆ లైన్‌లోని వేరియబుల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయో అవతలివాళ్ళకు తెలియాలి కదా. కావలసింది మధ్యస్థమైనది: తప్పును పుట్టించడానికి సరిపోయేంత కోడ్, అంతకు మించి ఒక్క లైన్ కూడా ఎక్కువ కాకూడదు. అవతలి మనిషి దాన్ని కాపీ చేసి, పేస్ట్ చేసి, రన్ చేస్తే అదే తప్పు రావాలి.

ఎలా కుదించాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక విద్యార్థి ప్రోగ్రామ్ రాశాడనుకోండి. విండో తెరుచుకుంటుంది, అందులో పేరు టైప్ చేస్తే ఆ పేరు సభ్యుల ఫైల్‌లో ఉందో లేదో చెప్పాలి. ఫైల్‌లో లైనుకు ఒకటి చొప్పున మూడు పేర్లు: సీత, రవి, గీత. "రవి" అని టైప్ చేస్తే "ఈ పేరు లేదు" అంటోంది. "అప్పుడప్పుడు మాత్రం పనిచేస్తోంది" అని కూడా అంటున్నాడు.

3.1. కాపీ తీసుకోండి. ఒరిజినల్ ఫైల్‌ను ముట్టుకోవద్దు. కొత్త ఫోల్డర్‌లో కాపీ పెట్టుకుని దాన్నే కోయండి.

3.2. తప్పుతో సంబంధం లేదనిపించినవి ముందు తీసేయండి. రంగులు, బటన్లు, విండో, లాగిన్ అన్నీ పోతాయి. టైప్ చేసే పెట్టె పోయి, దాని స్థానంలో "రవి" అని నేరుగా కోడ్‌లో రాస్తాం. మళ్ళీ రన్ చేస్తే ఇంకా "లేదు" అంటోంది. మంచిదే. విండోకూ టైపింగ్‌కూ ఈ తప్పుతో సంబంధం లేదని తేలింది. 180 లైన్లు పది లైన్లయ్యాయి.

3.3. ఒక్కోసారి ఒక్కటే తీయండి, ప్రతిసారీ రన్ చెయ్యండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది దేన్ని మార్చిందో తెలియదు. విసుగ్గా ఉంటుంది నిజమే, కానీ ఇందులో అడ్డదారి లేదు.

3.4. బయటి డేటాను కోడ్‌లోకి తెచ్చేయండి. ఇప్పుడు ఫైల్‌ను తీసేసి, ఆ మూడు పేర్లను కోడ్‌లోనే లిస్టుగా రాస్తాం. రన్ చేస్తే "ఉంది" అంటోంది! తప్పు మాయమైంది.

ఇక్కడ చాలామంది నిరుత్సాహపడి, "కుదిస్తే తప్పు రావట్లేదు" అని మళ్ళీ 180 లైన్లూ పెట్టేస్తారు. తప్పు మాయమైందంటే దొంగ దొరికినట్టే. చివరగా మీరు తీసేసినది ఏదో, అనుమానం దాని మీదే. ఇక్కడ అది ఫైల్ చదివే లైన్.

3.5. తీసేసినదాన్ని తిరిగి పెట్టి, దాని లోపల ఏముందో ప్రింట్ చెయ్యండి. ఫైల్ నుంచి వచ్చిన లిస్టును మొత్తంగా ప్రింట్ చేస్తే "రవి" పక్కన బ్యాక్‌స్లాష్ ఎన్ అనే గుర్తు కనిపిస్తుంది. అది లైన్ మారిందని చెప్పే గుర్తు. పైథాన్‌లో రీడ్‌లైన్స్‌తో చదివినప్పుడు అది కూడా పేరుతోపాటే వచ్చేస్తుంది. తోక ఉన్న రవీ, తోక లేని రవీ ఒకటి కాదు కాబట్టి "లేదు" అంటోంది. పేరును విడిగా మామూలుగా ప్రింట్ చేస్తే ఈ తోక కంటికి కనబడదు. అందుకే లిస్టు మొత్తాన్ని గానీ, రెప్ర్ అనే ఫంక్షన్‌తో గానీ ప్రింట్ చెయ్యాలి.

మరి "అప్పుడప్పుడు పనిచేస్తోంది" అన్న సంగతి? ఫైల్‌లో చివరి పేరు గీత. దాని తర్వాత ఎంటర్ కొట్టలేదు కాబట్టి దానికి తోక లేదు. అతను గీత అని టైప్ చేసినప్పుడల్లా పనిచేసింది, మిగతా పేర్లకు పనిచెయ్యలేదు. "అప్పుడప్పుడు" అనే మాట ప్రశ్నలో రాయాలనిపిస్తే ఒక్క నిమిషం ఆగి, ఏ ఇన్‌పుట్‌కు పనిచేస్తోంది, దేనికి చెయ్యట్లేదు అని విడివిడిగా రాసి చూడండి. చాలాసార్లు అందులోనే గుట్టు ఉంటుంది.

స్ట్రిప్ అనే ఫంక్షన్‌తో తోక కత్తిరిస్తే పని అయిపోతుంది. ఫోరమ్ దాకా వెళ్ళాల్సిన అవసరమే రాలేదు. కుదించే పని నిజాయితీగా చేస్తే ఇలా మధ్యలోనే జవాబు దొరకడం మామూలే. దొరకకపోయినా నష్టం లేదు, మీ చేతిలో నాలుగు లైన్ల కోడ్ ఉంది. చూడగానే అనుభవజ్ఞులు పట్టేసేంత చిన్నది.

కుదించడం అయిందో లేదో చూసుకోవడానికి:

- కొత్త, ఖాళీ ఫైల్‌లో పేస్ట్ చేసి రన్ చేస్తే అదే తప్పు వస్తోందా?
- ఇంపోర్ట్ లైన్లు ఉన్నాయా?
- ఇంకేదైనా ఒక లైన్ తీసేసినా తప్పు వస్తూనే ఉందా? అయితే అది కూడా తీసేయండి.
- ఫైల్ తప్పనిసరైతే అందులోని రెండు మూడు లైన్లు ప్రశ్నలోనే రాశారా?

## 4. ఏం రావాలి, ఏం వస్తోంది: రెండూ రాయండి

"తప్పు జవాబు వస్తోంది" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "ఇన్‌పుట్‌గా 5, 7 ఇచ్చాను. 12 రావాలి. 57 వస్తోంది." ఈ మూడు చిన్న వాక్యాలు చాలు. పైథాన్ తెలిసిన ఎవరైనా కోడ్ చూడకముందే, ఇన్‌పుట్ ఫంక్షన్ ఇచ్చింది స్ట్రింగ్ (అక్షరాల వరుస) అనీ, దాన్ని అంకెగా మార్చకుండా కలిపారనీ చెప్పేస్తారు.

"పనిచెయ్యట్లేదు" అనే మాటను మీ ప్రశ్నలో ఎక్కడ రాసినా కొట్టేసి, దాని బదులు వీటిలో ఏది జరిగిందో రాయండి: ఎర్రర్ వచ్చి ఆగిందా, ఎర్రర్ లేకుండా తప్పు ఫలితం వచ్చిందా, అసలు ఏమీ రాకుండా అలా వేలాడుతోందా, రన్ అవుతోంది కానీ మరీ నెమ్మదిగా ఉందా. నాలుగూ నాలుగు వేరే జబ్బులు.

మీ అసలు ఉద్దేశం కూడా చెప్పండి. కొత్తవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి: "లూప్‌లో వేరియబుల్ పేర్లు ఎలా తయారు చెయ్యాలి? మార్కులు1, మార్కులు2, మార్కులు3 అని కావాలి." దీనికి నేరుగా జవాబు చెబితే మెలికలు తిరిగిన కోడ్ వస్తుంది, మీరు ఇంకా ఇరుక్కుంటారు. అదే "ముప్పై మంది విద్యార్థుల మార్కులు దాచుకోవాలి" అని మొదటే చెబితే, ఒక లిస్టో, డిక్షనరీయో వాడమని ఒక్క మాటలో తేలిపోతుంది. మీకు తోచిన దారి గురించి మాత్రమే అడిగితే దారి గురించే చెబుతారు. ఎక్కడికి వెళ్ళాలో చెబితే దగ్గరి దారి చూపిస్తారు.

ఒక్క లైన్ చాలు: "నేను చివరికి చెయ్యాలనుకుంటున్నది ఇది."

## 5. ఎక్కడ అడగాలి

సరైన ప్రశ్న తప్పు చోట పెడితే వృథా. క్లుప్తంగా:

- నిర్దిష్టమైన కోడ్, నిర్దిష్టమైన తప్పు ఉంటే స్టాక్ ఓవర్‌ఫ్లో లాంటి ప్రశ్నోత్తరాల సైట్.
- "ఏ భాష నేర్చుకోవాలి", "ఏ లైబ్రరీ మంచిది" లాంటి అభిప్రాయాలు కావాలంటే చర్చా వేదికలు, రెడిట్, డిస్కార్డ్ గ్రూపులు. ఇలాంటివి స్టాక్ ఓవర్‌ఫ్లోలో మామూలు ప్రశ్నగా పెడితే మూసేసే అవకాశం ఎక్కువ.
- కోడ్ పనిచేస్తోంది, ఇంకా బాగా రాయొచ్చా అని అడగాలంటే కోడ్ రివ్యూ కోసమే ప్రత్యేకమైన సైట్ ఉంది, స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో.
- లైబ్రరీలోనే తప్పు ఉందని ఖాయంగా తేలితే గిట్‌హబ్ (కోడ్ పంచుకునే సైట్)లో ఆ లైబ్రరీ పేజీకి వెళ్ళి ఇష్యూ, అంటే తప్పు గురించిన ఫిర్యాదు, తెరవండి. నేర్చుకుంటున్న దశలో ఆ అవసరం అరుదుగా వస్తుంది.

ఒకే ప్రశ్నను ఒకే రోజు నాలుగు చోట్ల అతికించకండి. ఒకచోట జవాబు దొరికాక, ఆ సంగతి తెలియని వాళ్ళు మిగతా మూడు చోట్ల తలలు బద్దలుకొట్టుకుంటూ ఉంటారు. రెండో చోట అడగక తప్పకపోతే మొదటి ప్రశ్న లింకు ఇవ్వండి.

స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రధాన సైట్‌లో ఇంగ్లీషులోనే రాయాలి. చిన్న చిన్న వాక్యాలు రాస్తే చాలు, "నా ఇంగ్లీష్ బాగోదు, క్షమించండి" అని రాయనక్కర్లేదు. తెలుగు గ్రూపులో అడిగినా ఎర్రర్ మెసేజ్‌ను మాత్రం తెలుగులోకి మార్చకండి. కంప్యూటర్ ఏ అక్షరాల్లో చూపిస్తే ఆ అక్షరాల్లోనే కాపీ చెయ్యండి.

## 6. శీర్షిక రాయడం

శీర్షిక చివర్లో రాయండి. ప్రశ్న మొత్తం రాశాకే అసలు సమస్య ఏమిటో మీకూ స్పష్టమవుతుంది. శీర్షికలో భాష లేదా లైబ్రరీ పేరు, మీరు చేస్తున్న పని, జరిగిన తేడా ఉండాలి.

- "పైథాన్ డౌట్" బదులు: "పైథాన్‌లో ఫైల్ నుంచి చదివిన పేరు లిస్టులో ఉన్నా, ఇన్ ఆపరేటర్ ఫాల్స్ ఇస్తోంది"
- "లూప్ ప్రాబ్లమ్, అర్జెంట్" బదులు: "సీ ఫర్ లూప్‌లో అర్రే చివరి విలువ తర్వాత చెత్త విలువ ప్రింట్ అవుతోంది"
- "ప్లీజ్ హెల్ప్!!!" బదులు: పైన చెప్పినవాటిలాంటిది ఏదైనా.

"అర్జెంట్" అనేది మీకు అర్జెంట్. చదివేవాళ్ళు తీరిక దొరికినప్పుడు ఉచితంగా చూస్తున్నారు. ఆ మాట చూస్తే ఉన్న ఆసక్తి కూడా పోతుంది.

చాట్ గ్రూపుల్లో ఇంకో అలవాటుంది: "హాయ్, జావా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒక డౌట్ అడగొచ్చా?" దీనికి ఎవరూ పలకరు. పలికితే ఏం ఒప్పుకున్నట్టో తెలియదు కదా. నేరుగా డౌట్ అడిగేయండి.

## 7. ప్రశ్న రాసే వరుస

1. మొదటి లైన్‌లో ఏం చెయ్యాలనుకుంటున్నారో.
2. కుదించిన కోడ్.
3. ఇచ్చిన ఇన్‌పుట్, రావలసిన ఫలితం, వచ్చిన ఫలితం.
4. ఎర్రర్ మెసేజ్ మొత్తం, ఒక్క ముక్క కూడా తీయకుండా (8లో చెప్పే రహస్య వివరాలు తప్ప).
5. ఏమేం ప్రయత్నించారు, ప్రతిదానికీ ఏం జరిగింది.
6. భాష వెర్షన్, లైబ్రరీ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్.
7. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న, ప్రశ్నార్థకంతో.

అయిదోది చాలామంది సరిగ్గా రాయరు. "అన్నీ ట్రై చేశాను" అంటే ఏమీ చెయ్యలేదనే చదువుతారు. అన్నీ అంటే ఏవి?

పైన చెప్పిన విద్యార్థికి జవాబు దొరకలేదనుకుందాం. మామూలుగా అయితే ఇలా అడుగుతాడు:

> "హాయ్ ఫ్రెండ్స్, నా ప్రాజెక్ట్‌లో సెర్చ్ పనిచెయ్యట్లేదు. అప్పుడప్పుడు పనిచేస్తోంది. అన్నీ ట్రై చేశాను. రేపే సబ్మిట్ చెయ్యాలి. ప్లీజ్ ఎవరైనా కోడ్ పంపండి."

అదే ఇలా రాస్తే:

> "టెక్స్ట్ ఫైల్‌లో ఒక పేరు ఉందో లేదో చూడాలి. ఫైల్‌లో లైనుకు ఒకటి చొప్పున మూడు పేర్లు: సీత, రవి, గీత. రీడ్‌లైన్స్‌తో లిస్టుగా చదివి ఇన్ ఆపరేటర్‌తో చూస్తున్నాను.
>
> (ఇక్కడ నాలుగు లైన్ల కోడ్)
>
> 'రవి'కి ట్రూ రావాలి, ఫాల్స్ వస్తోంది. 'సీత'కూ అంతే. 'గీత'కు మాత్రం ట్రూ వస్తోంది. ఎర్రర్ ఏమీ లేదు.
>
> అవే పేర్లను ఫైల్ నుంచి కాకుండా కోడ్‌లోనే లిస్టుగా రాస్తే మూడింటికీ ట్రూ వస్తోంది. ఫైల్‌లో స్పెల్లింగ్ సరిచూశాను. పైథాన్ 3.12, విండోస్ 11.
>
> ఫైల్ నుంచి చదివిన లిస్టుకూ, నేను రాసిన లిస్టుకూ తేడా ఎక్కడుంది?"

రెండోదానిలో "ప్లీజ్" ఒక్కసారి కూడా లేదు. అయినా దీనికి జవాబు చెప్పకుండా ఉండటం కష్టం. "గీతకు మాత్రం ట్రూ" అన్న ఒక్క వాక్యం చూసే కొందరు కారణం చెప్పేస్తారు.

అసైన్‌మెంట్ అయితే అసైన్‌మెంట్ అనే చెప్పండి. దాచినా తెలిసిపోతుంది. మీరు రాసినంతవరకు చూపించి, ఎక్కడ ఆగారో చెబితే సాయం చేస్తారు. ప్రశ్నపత్రాన్ని మొత్తం అతికించి కోడ్ అడిగితే మాత్రం చెయ్యరు.

కోడ్ చాట్‌జీపీటీ లాంటిది రాసిచ్చిందైతే ఆ సంగతీ చెప్పండి. లేకపోతే "ఈ లైన్ ఎందుకు రాశారు?" అని అడిగినప్పుడు మీ దగ్గర జవాబుండదు. ప్రశ్నను మాత్రం మీ మాటల్లోనే రాయండి. చాట్‌జీపీటీతో రాయించిన జవాబుల్ని పెట్టడాన్ని స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబర్‌లోనే నిషేధించింది. ఇతర చోట్ల కూడా ఆ రకం రాతను చూడగానే దాటేసి పోయేవాళ్ళు చాలామంది.

## 8. కోడ్ ఎలా పెట్టాలి

కోడ్‌ను ఫోటో తీసి పెట్టకండి. ఫోటోలోని కోడ్‌ను ఎవరూ కాపీ చెయ్యలేరు, చూసి మళ్ళీ టైప్ చేసేంత ఓపిక ఎవరికీ ఉండదు. చూపు సరిగా లేనివాళ్ళ స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. ఎర్రర్ మెసేజ్‌కూ ఇదే వర్తిస్తుంది. బటన్ తప్పు చోట పడింది, గ్రాఫ్ వంకరగా వచ్చింది లాంటి కంటితో చూడాల్సిన వాటికి మాత్రం స్క్రీన్‌షాట్ పెట్టండి, కోడ్‌తోపాటు.

కోడ్‌కు పైన ఒక లైన్‌లో మూడు బ్యాక్‌టిక్‌లు, కింద ఒక లైన్‌లో మూడు బ్యాక్‌టిక్‌లు పెడితే స్టాక్ ఓవర్‌ఫ్లో, గిట్‌హబ్, డిస్కార్డ్ మూడింటిలోనూ అది కోడ్‌గా కనిపిస్తుంది. బ్యాక్‌టిక్ అంటే కీబోర్డులో సాధారణంగా ఎస్కేప్ కింద ఉండేది, మామూలు కొటేషన్ గుర్తు కాదు. ఇది పెట్టకపోతే లైన్ మొదట్లోని ఖాళీలు చెదిరిపోతాయి. పైథాన్‌లో ఖాళీలు పోతే కోడ్ అర్థమే మారిపోతుంది.

పోస్ట్ చేసే ముందు ఒక్కసారి ప్రివ్యూ చూసి, ఈ కిందివి కోడ్‌లో మిగిలిపోయాయేమో వెతకండి:

- పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు, టోకెన్లు (బయటి సర్వీసుల్ని వాడుకోవడానికి మీకిచ్చే రహస్య కోడ్‌లు)
- డేటాబేస్ అడ్రస్
- నిజమైన మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ళు
- ఫోల్డర్ దారిలో కనిపించే మీ పూర్తి పేరు

పొరపాటున కీ బయటపడితే పోస్ట్ ఎడిట్ చేసి ఊరుకుంటే సరిపోదు. చాలాచోట్ల పాత వెర్షన్ కనిపిస్తూనే ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి, అదీ వెంటనే.

## 9. పోస్ట్ చేశాక

పోస్ట్ చేసి వెళ్ళి పడుకోకండి. మొదటి గంటలో దగ్గర్లో ఉండండి, అప్పుడే ఎవరైనా వివరం అడిగే అవకాశం ఎక్కువ. అడిగిన వివరాన్ని కామెంట్లలో ముక్కలు ముక్కలుగా చెప్పకుండా, ప్రశ్నలోనే సవరించి చేర్చండి. కొత్తగా వచ్చేవాళ్ళు కామెంట్లన్నీ చదవరు.

ఎవరైనా కటువుగా మాట్లాడితే: "ఏ వెర్షన్?" అన్న రెండు మాటల కామెంట్ కసిరినట్టు అనిపించవచ్చు. చాలావరకు అది కసురు కాదు, తొందర. వెర్షన్ చెప్పండి చాలు. నిజంగానే అవమానించేలా రాస్తే వాదించకుండా రిపోర్ట్ చేసి వదిలేయండి.

ప్రశ్న మూసేస్తే: మూసినందుకు కారణం పైనే రాసి ఉంటుంది. దాని ప్రకారం సవరించండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో మూసిన ప్రశ్నను సవరిస్తే, తిరిగి తెరవాలా వద్దా అని చూసేవాళ్ళ వరుసలోకి వెళ్ళవచ్చు. దాన్ని తీసేసి మళ్ళీ అదే పెట్టడం మాత్రం చెయ్యకండి. డౌన్‌వోట్లు (ప్రశ్న బాగోలేదని వేసే ఓట్లు) పడి తీసేసిన ప్రశ్నలు పోగుపడితే, కొత్త ప్రశ్నలు అడగకుండా సైట్ మిమ్మల్ని ఆపేయవచ్చు.

"డూప్లికేట్" (ఇదివరకే ఎవరో అడిగిన ప్రశ్న) అని ఎవరైనా చెబితే: వాళ్ళిచ్చిన లింకు నిజంగా చదవండి. మీ కోడ్‌లా కనిపించకపోయినా కారణం అదే అయ్యుండవచ్చు. కాకపోతే, ఎందుకు కాదో ప్రశ్నలో రాయండి.

జవాబు రాకపోతే: ఒక రోజు ఆగి మీ ప్రశ్నను మీరే కొత్త మనిషిలా చదవండి. కోడ్ ఇంకా కుదించవచ్చా? శీర్షికలో సమస్య కనిపిస్తోందా? ట్యాగులు (ప్రశ్న ఏ విషయం గురించో చెప్పే గుర్తులు) సరైనవేనా? స్టాక్ ఓవర్‌ఫ్లోలో అయిదు ట్యాగుల వరకు పెట్టవచ్చు, భాష ట్యాగు తప్పనిసరిగా ఉండాలి, అది లేకపోతే ఆ భాష తెలిసినవాళ్ళ కంట పడదు. గ్రూపుల్లో "అప్" అని, "ఎనీవన్?" అని గంటకోసారి రాయడం కంటే, ఈలోపు మీరు కొత్తగా కనిపెట్టిన ఒక్క సంగతి చేర్చి మళ్ళీ అడగడం నయం.

## 10. జవాబు వచ్చాక

జవాబులోని కోడ్‌ను పేస్ట్ చేసే ముందు చదవండి. ముఖ్యంగా ఫైళ్ళు తొలగించే కమాండ్లు, అడ్మిన్ అనుమతి అడిగే కమాండ్లు అర్థం కాకుండా రన్ చెయ్యకండి. అర్థం కాని లైన్ ఉంటే ఏ లైనో చెప్పి అడగండి.

పనిచేస్తే పనిచేసిందని చెప్పండి, జవాబును అంగీకరించే టిక్ ఉన్న చోట టిక్ పెట్టండి. పనిచెయ్యకపోతే "పనిచెయ్యలేదు" అని కాకుండా, మార్చాక ఇప్పుడు ఏం వస్తోందో రాయండి. దాంతోపాటు ఇంకో కొత్త డౌట్ పుడితే అదే ప్రశ్నలో ఇరికించకండి, వేరే ప్రశ్నగా పెట్టండి.

జవాబు మీకే దొరికిందనుకోండి. "సాల్వ్ అయింది, థాంక్స్" అని రాసి మాయమైపోవద్దు. ఏం తప్పు జరిగింది, ఎలా సరిచేశారు అని మీ ప్రశ్న కింద మీరే జవాబుగా రాయండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో సొంత ప్రశ్నకు జవాబు రాసుకోవచ్చు. దానికి టిక్ పెట్టాలంటే మాత్రం ప్రశ్న అడిగిన దగ్గర్నుంచి రెండు రోజులు ఆగాలి.